2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య మిత్రులకు నమస్కారం.

బడి పాఠాలను చూపులేని పిల్లలతో సహా అందరూ వాడుకునేలా చేసి పంచడానికే ఈ సంఘం. ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలుసు, ఇంతకుమించి చెప్పను. చేసిన పనులు, చేయలేకపోయినవి, ఎవరూ చేయనివ్వనివి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కృతజ్ఞతలు. హనుమకొండలో ప్రతి ఆదివారం గది ఇచ్చి కరెంటు బిల్లు కూడా అడగని గ్రంథాలయం వారికి; జీవితకాలపు నోట్సంతా మనకిచ్చి, ఎవరైనా వాడుకోవచ్చని సంతకం పెట్టి రాసిచ్చిన రిటైర్డు సైన్సు, సోషల్ టీచర్లకు; సెలవుల్లో ఊళ్లకు పోకుండా వచ్చి కంప్యూటర్లు సరిచేసిన ఇంజినీరింగ్ విద్యార్థులకు; ములుగు, మహబూబాబాద్, జనగామ నుంచి సొంత చార్జీలతో బస్సెక్కి వచ్చిన ఉపాధ్యాయులకు; తప్పులను మొహమాటం లేకుండా చెప్పిన చూపులేని విద్యార్థులకు; చాయ్ పంపి చాలాసార్లు పైసలు తీసుకోని చౌరస్తా హోటలాయనకు. పేరుపేరునా సభలో చదువుతాను. ఎవరి పేరైనా రాకపోతే అక్కడే లేచి చెప్పండి, తర్వాత ఫోన్ చేసి అలగొద్దు.

ఈ ఏడాది కొత్త పాఠాలు రాయడం తగ్గించి, ఉన్నవాటిని అందరూ వాడుకునేలా చేయాలని కిందటి సభలో తీర్మానించుకున్నాం. వినడానికి చిన్న పనే. దాతలిచ్చిన నోట్సులో ఎక్కువ భాగం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేసింది. కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది. అదే ఫైలును చూపులేని పిల్లలు తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. ఆ ఫాంట్లలో పైకి కనిపించేదే తెలుగు, లోపలి కోడు వేరు. ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ మార్చేసరికి ఎక్కడో ఒకచోట ఒత్తు పోతుంది, ఇంకోచోట గుణింతం మారుతుంది. అందుకని ఒకరు పాతది చదువుతుంటే ఇంకొకరు కొత్తది చూస్తూ పంక్తి పంక్తీ సరిచూశాం. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. అది ఎంతమందికి ఉందో ఈ ఏడాది తేలిపోయింది.

ఒకసారి యూనికోడ్‌లోకి వచ్చిందంటే ఆ ఫైలే బ్రెయిలీకి పనికొస్తుంది, ఫోన్లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ చదువుతుంది, చూపు తక్కువున్నవాళ్లు అక్షరం పెద్దది చేసుకుంటారు. 2022–23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక తెలుగు పాఠాలెందుకని అడిగేవాళ్లున్నారు. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టినదాన్ని పిల్లలు అర్థం చేసుకునేది ఇప్పటికీ తెలుగులోనే. నమ్మనివాళ్లు ఏ బడికైనా వచ్చి ఒక పీరియడ్ కూర్చోండి.

ఇక అందరం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు. అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవానికి ముందటి ఆదివారం, డిసెంబరు 1న, ఒక ప్రభుత్వ బడి ఆవరణలో మన 'చెరువు' పాఠాన్ని అందరి ముందు పెట్టాం. పాకాల, లక్నవరం, రామప్ప చుట్టూ బతికే పిల్లలకు చెరువు ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠమది. పటాన్ని వేళ్లతో తడిమి చూసేలా చేశాం. అట్ట మీద ఫెవికాల్ పూసి ఇసుక చల్లితే కట్ట అయింది. నీటిమట్టానికి దారం, తూముకు అయిపోయిన పెన్ను రీఫిల్, మత్తడికి అగ్గిపుల్లలు.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి, చూపు లేదు, కట్ట అంచు వెంబడి వేలు పైనుంచి కిందికి జరిపి, "సార్, పైన ఇంత సన్నగుంది, కింద గింత లావెందుకు?" అని అడిగింది. అదే పటాన్ని కళ్లతో చూసిన పిల్లలెవరూ అడగలేదు. నోట్సులో 'కట్ట అడ్డుకోత' అని రాసి ఉంది, అంతే. ఆ మధ్యాహ్నమే టీచర్లు కూర్చుని ఒక పేరా చేర్చారు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, పది మీటర్ల లోతుకు పోతే మన మీదున్న గాలి ఒత్తిడికి దాదాపు అంతే తోడవుతుంది. అందుకే అడుగున కట్ట ఎక్కువ తోపుకు నిలబడాలి, ఊటను ఆపాలి, మట్టి జారకుండా వాలు ఉండాలి. ఇప్పుడు జనగామ టీచరమ్మ ఒకరు పటం దాచిపెట్టి ఆ పేరా ఒక్కటే చదివి వినిపించి, పిల్లలందరితో బొమ్మ గీయిస్తున్నారట. చూపులేనివారి కోసం రాసిన వివరణ క్లాసు మొత్తానికి పనికొచ్చింది.

ఆ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి శాలువా కప్పించుకుని, పిల్లలు అన్నాల కోసం చూస్తుంటే చాలాసేపు ప్రసంగించి, పాఠాలను జిల్లాలోని బడులన్నిటికీ పంపిస్తానని మైకులో మాటిచ్చారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆఫీసుకు పోతే ఒక సెక్షన్ వాళ్లు ఇంకో సెక్షన్ పేరు చెప్పారు. దరఖాస్తు నకలు నా దగ్గరుంది, కావాలంటే చూడొచ్చు.

మన పాఠాలను ఏ షరతుల మీద పంచాలన్న లైసెన్సు గురించి వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ మీకు తెలుసు. నెట్‌లో ఫ్రీగా దొరికిన ప్రతి పీడీఎఫ్ ఓపెన్ కాదు. వాడుకోవడానికే కాక మార్చడానికి, అనువదించడానికి, మళ్లీ పంచడానికీ అనుమతి ఉండాలి. ఓపెన్ విద్యా వనరులపై యునెస్కో 2019 సిఫార్సూ అదే చెబుతోంది. 2012 కాపీరైట్ సవరణ ఉంది కదా అని కొందరన్నారు. అది వైకల్యం ఉన్నవారికి చదవగలిగే రూపంలో ఇవ్వడానికే, అందరికీ పంచడానికి కాదు. కోచింగ్ సెంటర్లవాళ్లు మన పాఠాలు అచ్చేసి అమ్ముకుంటారని భయపడినవారికి జవాబు: అమ్ముకోనివ్వండి, మన పేరు వేయాలి, వాళ్లు మార్చి పంచినదాన్ని కూడా ఇదే షరతు మీద వదలాలి. అందుకే ఇలా పంచుకోవడానికే ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఆ రెండు షరతులుండే బీవై–ఎస్ఏ ఎంచుకున్నాం. వ్యాపారానికి వద్దని పెడితే వికీపీడియా వాడుకునే బొమ్మలు, ఆడియోలు ఉండే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించడానికి కూడా కుదరదు.

మహబూబాబాద్ వైపు ఒక తండాలో పెద్దామెతో చెరువు పాఠాన్ని లంబాడీలో చెప్పించి రికార్డు చేశాం. "నా గొంతు ఎవరెవరు వింటరు?" అని అడిగింది. ఎవరైనా వినొచ్చు, కోసి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అని ఉన్నదున్నట్టు చెప్పాం. కొడుకుతో మాట్లాడుకుని మరునాడు ఒప్పుకుంది, కానీ పేరు వేయాలంది. వేశాం. కోయలో చెప్పిస్తామని ఏటూరునాగారం బాధ్యత తీసుకున్న మిత్రులు గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. ఆదివారం పనికి వచ్చేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. ఫొటోల రోజు మాత్రం కుర్చీలు చాల్లేదు.

సిగ్నల్ అందని ఊళ్ల కోసం పాఠాలను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, నెట్ లేకుండా పాఠాలు అందించే కొలిబ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం. నెట్ లేకున్నా దగ్గరున్న ఫోన్లకు వైఫైతో అందుతాయి. వీడియోలు తగ్గించి ఆడియో, అక్షరం ఎక్కువ పెట్టాం.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో జతచేశాం, కోశాధికారి చదువుతారు. అప్పు లేదు, మిగులూ పెద్దగా లేదు.

వచ్చే ఏడాదికి మూడు పనులు మిగిలాయి. కోయ ఆడియో పూర్తి చేయాలి. ఫొటోలుగా ఉన్న గణిత సమీకరణాలను స్క్రీన్ రీడర్ చదివేలా తిరగరాయాలి. వినికిడి లేని పిల్లలకు సబ్‌టైటిళ్లు చాలవని వాళ్ల టీచర్లే చెప్పారు, సైగల భాష తెలిసినవారు కావాలి. వీటికి పేరిచ్చేవాళ్లు ఏ ఆదివారం వస్తారో కూడా రాసివ్వండి.

చందా బకాయిలు సభకు ముందే కట్టగలరు. సంఘం రికార్డర్, హెడ్‌ఫోన్లు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. సభ రోజు తెచ్చి టేబుల్ మీద పెడితే ఎవరినీ ఏమీ అడగను.

కార్యదర్శి
హనుమకొండ