అచ్చు గాజు అంటే నకిలీ కాదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాత గాజు సామాను గురించి రాస్తూ, అచ్చులో ఒత్తి చేసిన పళ్లేలు, గిన్నెలు "కట్ గ్లాసుకు నకళ్లు" అని తేల్చేశారు. కట్ గ్లాసు అంటే తిరిగే చక్రం మీద అరగదీసి నగిషీ చెక్కిన గాజు. చదివి మనసు నొచ్చుకుంది.

ఈ పద్ధతి 1820లలో అమెరికాలో నిలదొక్కుకుంది. పిట్స్‌బర్గ్‌లో గాజు తయారీదారు బేక్‌వెల్ 1825లో పేటెంట్ తీసుకున్నది బీరువాల గుబ్బలకే. అదే ఏడాది డెమింగ్ జార్వెస్ మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు.

పని ఎలా జరిగేదో చూడండి. ఒకరు కరిగిన గాజు ముద్దను ఇనప ఊచకు చుట్టి తెచ్చి అచ్చు మీద పట్టుకునేవారు. ఒత్తే మనిషి కావలసినంత కత్తెరతో తెంపేవాడు. తూకం లేదు, అంతా కంటి అంచనాయే. తక్కువైతే అంచు పూర్తిగా రాదు, ఎక్కువైతే గిన్నె మందమైపోతుంది. మీట లాగితే ఇనప దిమ్మ దిగి గాజును అచ్చులోని ప్రతి మూలకూ తోసేది.

అచ్చు చల్లగా ఉంటే గాజు మీద ముడతలు పడేవి. అవి కనబడకుండా పువ్వులకూ తీగలకూ మధ్య జాగానంతా సన్నటి చుక్కలతో నింపారు. అదే లేసీ గ్లాస్. అన్ని వేల చుక్కలు చక్రం మీద అరగదీసి తేవడం ఎవరి తరం? కట్ గ్లాసులో లేనిదానికి నకలు అనే పేరెలా వస్తుంది?

తర్వాత కట్ గ్లాసు డిజైన్లను అనుకరించినవీ చాలా వచ్చాయి, కాదనను. కానీ 1864లో అమెరికాలోని వీలింగ్ ఊళ్లో విలియం లైటన్ సీసం బదులు సోడా, సున్నంతో మంచి గాజు చేశాక ధర తగ్గి, మామూలు ఇళ్ల బల్లల మీదికి ఆ సామాను వచ్చింది. కెమిస్ట్రీ పాఠం చెప్పినన్నాళ్లూ ఇది పిల్లలకు ఇష్టంగా చెప్పాను.

మా అత్తగారి చక్కెర గిన్నె అడుగున ఇంగ్లండ్ వారి వజ్రం ఆకారపు గుర్తుంది. 1842 నుంచి 1883 దాకా డిజైన్లు రిజిస్టర్ చేసుకున్నవారు వేసిన గుర్తు అది. అది డిజైన్ తేదీ మాత్రమే, గిన్నె తర్వాత చేసినదైనా కావచ్చు.

దయచేసి సవరణ వేయండి. దాంతోపాటు లేసీ గ్లాస్ పళ్లెం ఫోటో ఒకటి, చుక్కలు కనిపించేంత దగ్గరగా తీసింది, వేయండి.

– విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ