పేరు అడగకుండా పాఠం

కాకినాడ,
ఆదివారం రాత్రి

ప్రియమైన శ్రీధర్,

నీ ఉత్తరం గురువారమే అందింది. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చదివి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మేడ మెట్లు మాత్రం అప్పుడే ఎక్కనివ్వకు. ఆవిడ వినదు, నాకు తెలుసు, అయినా నువ్వు గట్టిగా చెప్పాలి.

లెక్కల పాఠాల వెబ్‌సైట్ పండగ తర్వాత మొదలుపెడుతున్నానని రాశావు చూడు, ఆ రోజంతా నా మనసు వేరే పని మీద నిలవలేదు. హనుమకొండలో కూర్చుని నువ్వు త్రికోణమితి చెబితే ఏ ఏటూరునాగారం దగ్గరి పల్లెలోనో ఒక పిల్ల వింటుంది. అంతకంటే మంచి కబురు ఈ మధ్య నేను వినలేదు. కానీ చివర్లో ఒక వాక్యం రాశావు. "గోప్యతా విధానం అని ఒక పేజీ పెట్టాలట, మీ సైట్‌లోది పంపు, పేర్లు మార్చి పెట్టేస్తాను" అన్నావు. ఈ పొడుగు జవాబంతా దాని గురించే.

అలా పెట్టేయకురా. ఆ పేజీ నువ్వు పిల్లలకు ఇచ్చే మాట. మా సైట్ చేసే పనులు వేరు, నీ సైట్ చేయబోయే పనులు వేరు. నేను ఇచ్చిన మాటను నీ నోటితో చెబితే అది నువ్వు నిలబెట్టుకోలేని మాట అవుతుంది. ముందు నీ సైట్ పిల్లల దగ్గర ఏమేం తీసుకుంటోందో నువ్వు చూడాలి. అనవసరమైనది ఆపేయాలి. మిగిలినదాని గురించే రాయాలి. ఈ వరస నేను తలకిందులుగా చేశాను కాబట్టే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

మా భౌతికశాస్త్రం పాఠాలకు మొదటి ఏడాది ఒక నమోదు పత్రం ఉండేది. పేరు, తరగతి, బడి, ఊరు, ఫోను నంబరు, తండ్రి చేసే పని. అవన్నీ నింపితేనే పాఠం తెరుచుకునేది. తండ్రి చేసే పని ఎందుకు అడిగామో ఇప్పుడు తలచుకుంటే నాకు అర్థం కాదు. బడిలో చేరేటప్పుడు అడుగుతారు కాబట్టి మేమూ అడిగాం, అంతే. ఒక సాయంత్రం ఒక తల్లి ఫోను చేసింది. "సార్, మా పాప కటకాల పాఠం చదువుకోవడానికి నా నంబరు మీకెందుకండీ?" అని చాలా మర్యాదగా అడిగింది. రికార్డు కోసమమ్మా అన్నాను. "ఏ రికార్డండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు ఎందుకు అనుమానం వచ్చిందో కూడా చెప్పింది. ఆ ముందు నెలలోనే పాప పాత ప్రశ్నపత్రం కోసం మరెక్కడో నంబరు ఇచ్చిందట, ఆ మర్నాటి నుంచి కోచింగ్ వాళ్ల ఫోన్లు రోజుకు నాలుగైదు వస్తున్నాయట. పదో తరగతి ఫలితాల రోజుల్లో మన ఊళ్లలో ఇంటింటా జరిగేదే ఇది. మనం దాన్ని ఎండాకాలం ఎండలాగా సహజమనుకుంటున్నాం.

ఆ రాత్రి మా పట్టిక తెరిచి చూశాను. వందల మంది పిల్లల పేర్లు, వాళ్ల తల్లుల నంబర్లు. ముగ్గురం వాడే కంప్యూటర్లలో మూడు నకళ్లు. ఒక్కటి దొంగ చేతిలో పడితే ఏ ఊళ్లో ఏ పిల్ల ఏ బడికి వెళుతుందో వాడికి తెలిసిపోతుంది. వారం లోపు అన్ని నకళ్లూ చెరిపేశాం, పత్రం తీసేశాం. పాఠాలు చదివేవాళ్లు తగ్గలేదు, పెరిగారు. పేరు అడగకుండా పాఠం చెప్పవచ్చని నాకు అప్పుడు తెలిసింది.

ఇక కుకీల సంగతి. "అవేవో వైరస్‌లా?" అని అడిగావు. కాదు. మనం అన్నవరం వెళ్లినప్పుడు కొండ మీద చెప్పుల స్టాండు గుర్తుందా? చెప్పులు ఇస్తే ఒక బిళ్ల ఇస్తాడు. దాని మీద 47 అని అంకె తప్ప నీ పేరు ఉండదు. తిరిగి వచ్చి బిళ్ల చూపిస్తే నీ చెప్పులు నీకు ఇస్తాడు. కుకీ అచ్చంగా ఆ బిళ్లే. వెబ్ సర్వర్‌కి, అంటే అడిగినవాళ్లకు పేజీలు పంపే కంప్యూటర్‌కి, తనంతట తనకు జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ అడిగితే ఇచ్చి అప్పటికప్పుడే మరిచిపోతుంది, రెండో పేజీ అడిగింది ఇందాకటి మనిషేనని దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పనిచేసే లూ మాంటుల్లీ అనే యువ ఇంజినీరు దీనికి ఉపాయం ఆలోచించాడు. సర్వర్ ఒక చిన్న అక్షరాల ముక్క ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని మళ్లీ వచ్చినప్పుడల్లా చూపిస్తుంది. యూనిక్స్ ప్రోగ్రామర్లు అలాంటి ముక్కను అంతకు ముందే మ్యాజిక్ కుకీ అనేవారు, ఆ పేరే దీనికీ పెట్టాడు.

ఈ బిళ్లలో తప్పేమీ లేదు. నీ దగ్గర పరీక్ష రాసే పిల్లకు మూడో ప్రశ్న తర్వాత నాలుగో ప్రశ్న రావాలంటే అది కావాలి. చిక్కు బయటి బిళ్లలతో వస్తుంది. నీ పేజీలో ఉండేవన్నీ నీ సర్వర్ నుంచే రావు. వీడియో ఒక చోటి నుంచి, ప్రకటన మరో చోటి నుంచి, వచ్చినవాళ్లను లెక్కపెట్టే సాధనం ఇంకో చోటి నుంచి వస్తాయి. అవి కూడా ఆ పిల్ల ఫోనులో తమ తమ బిళ్లలు పెట్టగలవు. అన్నవరంలోనూ, సామర్లకోటలోనూ, ద్రాక్షారామంలోనూ చెప్పుల స్టాండు ఒకడిదే అనుకో. మూడు చోట్లా నువ్వు అదే 47 బిళ్ల చూపిస్తావు. నువ్వెవరో వాడికి తెలియదు, కానీ 47వ నంబరు మనిషి ఏ రోజు ఏ గుడికి వెళ్లాడో, ఎంతసేపు ఉన్నాడో వాడి పుస్తకంలో చేరుతుంది. ఏదో ఒక గుడిలో నువ్వు గోత్రనామాలు చెప్పిన రోజున ఆ పుస్తకమంతటికీ నీ పేరు అతుక్కుంటుంది.

సఫారీ బ్రౌజర్ 2020 నుంచి బయటివాళ్ల కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. మన పిల్లల ఫోన్లలో ఎక్కువగా ఉండే క్రోమ్ మాత్రం ఆపుతానని ఏళ్ల తరబడి చెప్పి, 2025లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి ఆ బాధ్యత పాఠం పెట్టే మన మీద ఉంది.

మా సైట్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలింది. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్ తెరిచి ఎఫ్12 నొక్కు. అప్లికేషన్ అనే చోట కుకీలన్నీ, నెట్‌వర్క్ అనే చోట నీ పేజీ ఎవరెవరిని పిలుస్తోందో వరసగా కనిపిస్తాయి. నేను ఒక్క కుకీ కూడా పెట్టలేదనే ధీమాతో తెరిచాను. ఆర్కిమెడిస్ సూత్రం పేజీ ఒక్కటే నాలుగు బయటి సంస్థల తలుపు తడుతోంది! వీడియో నొక్కకముందే, పేజీ తెరవగానే ఆ వీడియో సంస్థ సర్వర్‌కి కబురు వెళుతోంది. ఇప్పుడు వీడియో ఉండే చోట ఒక బొమ్మ మాత్రమే పెట్టాం. పిల్లలు దాన్ని నొక్కినప్పుడే అసలు వీడియో వస్తుంది. పంచుకునే బొత్తాలు తీసేశాం. వచ్చినవాళ్లను లెక్కించడానికి మా సర్వర్ చిట్టా చాలు. ఏ పాఠం ఎన్నిసార్లు తెరిచారో అందులోనే తెలుస్తుంది, ఎవరు తెరిచారో మనకు అక్కర్లేదు.

అక్షరాల సంగతి నువ్వు ఊహించి ఉండవు. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లను చాలామంది గూగుల్ సర్వర్ నుంచి నేరుగా తెచ్చుకుంటారు. అప్పుడు పేజీ తెరిచిన ప్రతివారి ఐపీ అడ్రసూ, అంటే నెట్‌లో వాళ్ల కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా, అక్కడికి చేరుతుంది. 2022 జనవరిలో జర్మనీలో మ్యూనిక్ కోర్టు ఒకటి ఇదే విషయంలో ఒక వెబ్‌సైట్ నడిపేవారిని 100 యూరోలు చెల్లించమంది. ఆ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గవే. ఒక నకలు దించి నీ సర్వర్‌లోనే పెట్టుకో, అర గంట పని.

మార్కులు గుర్తుంచుకోవాలన్న నీ కోరిక గురించి చాలాసేపు ఆలోచించాను. అభ్యాసాల వరకు అయితే పిల్ల ఎక్కడ ఆపిందో ఆమె బ్రౌజర్‌లోనే దాచవచ్చు, నీ సర్వర్‌కి రానక్కర్లేదు. లాగిన్ తప్పదనుకుంటే పిల్లలే ఎంచుకున్న మారుపేరు, ఒక సంకేతపదం చాలు. కానీ ఒక విషయం మరిచిపోకు. మన పల్లెల్లో ఫోను పిల్లది కాదు, అమ్మది. దానిలోనే అన్న క్రికెట్ చూస్తాడు, నాన్న ఎరువుల ధరలు చూస్తాడు. కొందరు పిల్లలు నెట్ సెంటర్‌కి వెళ్లి చదువుకుంటారు. అక్కడ నీ బిళ్ల నెలల తరబడి నిలిచిపోతే తర్వాత కూర్చున్నవాడికి ముందు పిల్ల మార్కులన్నీ కనిపిస్తాయి. ఇరవైకి మూడు వచ్చిన పిల్ల ఆ మాట ఊళ్లో తెలిస్తే ఎంత కుంగిపోతుందో మనకంటే ఎవరికి తెలుసు? బ్రౌజర్ మూయగానే చెరిగిపోయే కుకీ పెట్టు. బయటికి వెళ్లే బొత్తం పేజీ పైనే పెద్దగా ఉండాలి.

చట్టం ఏమంటుందని అడిగావు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలో కుకీ అనే మాటే లేదు, కానీ మనకు సంబంధించినది చాలా ఉంది. 18 ఏళ్లు నిండనివారందరూ దాని దృష్టిలో పిల్లలే, అంటే నీ విద్యార్థులందరూ. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలి, ఆ సమ్మతి నిజంగా వాళ్లదేనని మనం సరిచూసుకోవాలి. పిల్లల కదలికలను వెంబడించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. విద్యాసంస్థలకు నియమాల్లో కొంత వెసులుబాటు ఉంది, బోధనకూ పిల్లల భద్రతకూ అవసరమైనంత మేరకే. మనం దాన్ని అడ్డం పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ చట్టంలో నాకు ఎక్కువగా నచ్చినది మరొకటి. సమ్మతి అడిగే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. వాటిలో తెలుగు ఉంది. తెలుగులో పాఠం చెప్పి, అడుగున ఈ ఒక్క పేజీ ఇంగ్లీషులో పెడుతున్నవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఏ పేజీ తప్పకుండా అర్థం కావాలో ఆ పేజీనే అర్థం కాకుండా చేస్తారా?

2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ, కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లలకు సూచించిన చదువుల యాప్‌లనూ వెబ్‌సైట్లనూ పరిశీలించింది. మన దేశమూ అందులో ఉంది. వాటిలో నూటికి 89, పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే విధంగానో, ఆ హక్కులను భంగపరిచే విధంగానో సమాచారాన్ని వాడుతున్నాయని తేల్చింది. బడి మూసిన రోజుల్లో పిల్లలకు వేరే దారి లేదు. వద్దనే వీలు లేని చోట అంగీకరిస్తున్నాను అనే బొత్తానికి అర్థం ఏముంది? ఆ బొత్తాల గురించి కూడా జాగ్రత్త. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని ఐరోపా సమాఖ్య అత్యున్నత న్యాయస్థానం 2019లో చెప్పింది. సరే అనేది ఎంత పెద్దగా ఉంటుందో వద్దు అనేది కూడా అంతే పెద్దగా ఉండాలి.

ఇదంతా అయ్యాక మేము రాసుకున్న పేజీ ఇది. చదువు, కానీ ఎత్తి పెట్టుకోకు.

"పాఠాలు చదవడానికి మీ పేరు, ఫోను నంబరు చెప్పనక్కర్లేదు. అభ్యాసాల్లో మీరు ఎంతవరకు వచ్చారో మీ ఫోనులోనే ఉంటుంది, మాకు రాదు. పేజీ కింద 'చెరిపేయి' నొక్కితే పోతుంది. మా సర్వర్ ఐపీ అడ్రసు, సమయం, తెరిచిన పాఠం రాసుకుంటుంది. ఏ పాఠం ఎన్నిసార్లు తెరిచారో లెక్కించడానికీ, సైట్ మీద దాడులు జరిగితే కనిపెట్టడానికీ అవి కావాలి, 30 రోజులకు చెరిపేస్తాం. వీడియో నొక్కితే అది మరో సంస్థ నుంచి వస్తుంది, వారు కుకీలు పెట్టవచ్చు. వద్దనుకుంటే అదే పాఠం కింద రాతలో ఉంది. సందేహం రాస్తే మీ ఈమెయిల్‌ను జవాబు ఇచ్చేదాకానే ఉంచుతాం. ఇక్కడ ప్రకటనలు లేవు. మీ వివరాలు ఎవరికీ అమ్మం, ఇవ్వం."

చూశావా, ఎంత చిన్నదో. మొదట నేను రాసినది ఆరు పేజీలు. ఒక్కొక్కటి తీసుకోవడం మానేసిన కొద్దీ ఒక్కొక్క పేరా రాలిపోయింది. ఆ 30 రోజుల మాట కోసం సర్వర్‌లో ఏర్పాటు కూడా చేయించాను, నెలకోసారి నేనే తెరిచి చూస్తాను.

నీ ముసాయిదా తయారయ్యాక నాకు పంపే ముందు మీ లావణ్య చేత పైకి చదివించు. ఎనిమిదో తరగతి పిల్ల కదా, సరిగ్గా నీ సైట్‌కి వచ్చే వయసు. ఎక్కడ ఆగి "అంటే ఏమిటి నాన్నా?" అంటుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. ఆ గీతలతో సహా పంపు. నేను వచ్చే శనివారం ఖాళీగానే ఉంటాను, ఫోనులో కూర్చుని ఒక్కో వాక్యం చూద్దాం. ఎఫ్12 నొక్కి చూసినప్పుడు కనిపించినవన్నీ కూడా రాసి పంపు.

వదిన గారికి నమస్కారాలు. అమ్మకు నా మాటగా మెట్ల సంగతి మళ్లీ చెప్పు.

నీ
రాఘవ