దానిమ్మ గింజల నూనె: పేరు ఒకటి, సరుకు ఇంకొకటి

సంపాదకులకు,

హైదరాబాద్ దుకాణాల్లో దానిమ్మ గింజల నూనె సీసాలపై 'భగువా', 'గణేశ్' అని రకం పేర్లు కనబడుతున్నాయి. రకాన్ని బట్టి కొవ్వు ఆమ్లాల పాళ్లు కొంత మారేది నిజమే. కానీ ఏ రకమైనా సింహభాగం ప్యూనిసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానిదే, సాధారణంగా 65 నుంచి 80 శాతం. లినోలిక్, ఓలిక్ ఆమ్లాలు ఒక్కొక్కటి సాధారణంగా పది శాతం లోపే. పామిటిక్, స్టియరిక్ ఇంకా తక్కువ. కాయ పక్వత, సాగు వాతావరణం కూడా ఈ పాళ్లను మారుస్తాయి కాబట్టి నూనె చూసి రకం తేల్చలేం. జ్యూస్ దుకాణాల్లో పోగేసిన గింజలకు రకం పేరేమిటో!

కల్తీ మాత్రం దొరికిపోతుంది. కొబ్బరి నూనెలో ప్రధానమైన లారిక్ ఆమ్లం 40 శాతం దాటితే అది గింజలు నానబెట్టిన కొబ్బరి నూనె అయి ఉంటుంది. లినోలిక్ సగం ఉంటే పొద్దుతిరుగుడు లాంటిదేదో కలిసినట్టే.

పరీక్షలోనూ మెలిక ఉంది. కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షకు ముందు నూనెను మిథైల్ ఎస్టర్లుగా, అంటే తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి మార్చాలి. ఆమ్ల ఉత్ప్రేరకం వేసి మరిగిస్తే ప్యూనిసిక్‌లోని సంయుగ్మ ద్విబంధాలు (ఒకటి విడిచి ఒకటిగా వచ్చే జంట బంధాలు) రూపు మారతాయి, రిపోర్టులో దాని శాతం తగ్గిపోతుంది. అసలు నూనెకే కల్తీ ముద్ర పడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర సోడియం మిథాక్సైడ్ అనే క్షార ఉత్ప్రేరకం వాడితే ఈ బెడద ఉండదు. నూనె పాతబడి విడి కొవ్వు ఆమ్లాలు పెరిగితే మాత్రం వాటిని సోడియం మిథాక్సైడ్ ఎస్టర్లుగా మార్చలేదు.

ఆ సంయుగ్మ ద్విబంధాల వల్లే దానిమ్మ గింజల నూనె గాలికీ వెలుతురుకీ త్వరగా చెడుతుంది, వేడికి జిగటెక్కుతుంది. వేపుళ్లకు పనికిరాదు. గింజలను గుజ్జు పోయేలా అదే రోజు కడిగి, నీడన ఆరబెట్టి, వేడి చేయకుండా పిండాలి. ముదురు రంగు సీసాలో మూతిదాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టాలి.

లేబుల్‌పై రకం పేరు కంటే ప్యూనిసిక్ శాతం, నూనె ఎంత చెడిందో సూచించే పెరాక్సైడ్ విలువ, పిండిన తేదీ ముద్రించేలా ఆహార భద్రతా అధికారులు చూడాలి.

– నూనెల విశ్లేషకులు, తార్నాక, హైదరాబాద్