జూన్ నెలకే పరిమితం చేయకండి

సంపాదకులకు,

జాజ్ సంగీతం అంటేనే స్వేచ్ఛ అంటారు, మరి వేదిక దిగాక ఆ స్వేచ్ఛ క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి) కళాకారులకు ఎంత దక్కిందో కూడా కాస్త రాయండి. అమెరికా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందానికి గుర్తుగా నిలిచిన ‘టేక్ ది ఏ ట్రెయిన్’ పాటకు బాణీ కట్టింది బిల్లీ స్ట్రేహార్న్. తాను గే అన్న సంగతి ఆ రోజుల్లోనే దాచుకోకుండా బతికిన ఆయన, 1967లో పోయేదాకా చాలావరకు ఎల్లింగ్టన్ వెనకే ఉండిపోయాడు. పియానిస్ట్ ఫ్రెడ్ హెర్ష్, వైబ్రాఫోన్ వాయించే గ్యారీ బర్టన్ లాంటి పేరున్నవాళ్లే 1990ల్లో గానీ తాము గే అని బయటికి చెప్పుకోలేకపోయారంటే, పేరు లేనివాళ్ల టెన్షన్ ఎంతో ఊహించండి. క్వీర్ సమాజం వేడుకగా జరుపుకునే ప్రైడ్ నెల జూన్‌లో ఒక్క కచేరీ పెట్టి చేతులు దులుపుకునే క్లబ్బులు (పైగా పారితోషికం అడిగితే ‘మీకిది ప్రచారం కదా’ అంటే ఎలా?) మిగతా నెలల్లోనూ క్వీర్ కళాకారులను పిలవాలి, డబ్బు సరిగ్గా ఇవ్వాలి. మీ సంగీత పేజీలో వాళ్ల ఆల్బమ్‌లకు సమీక్షలు వేయండి, వాళ్లతో మాట్లాడేటప్పుడు గే అన్న సంగతే కాదు, వాళ్ల వాయిద్యం గురించి కూడా అడగండి.

ఒక జాజ్ శ్రోత