మాట పోయినవారికి మతి పోలేదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినోత్సవం వస్తుంది. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలని, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలని ఆ రోజు పత్రికలన్నీ రాస్తాయి. ఎన్నిసార్లు రాసినా తక్కువే. అయితే ప్రాణం దక్కి ఇల్లు చేరి, నడక కుదుటపడినా మాట కుదుటపడని మనిషి ఆ వ్యాసాల్లో దాదాపు కనిపించడు. పక్షవాతం బారిన పడినవారిలో మూడో వంతు వరకు అఫేసియా ఏర్పడుతుంది. మెదడులో భాషను నడిపే భాగాలు దెబ్బతిని, మాట్లాడడం, విన్నది గ్రహించడం, చదవడం, రాయడం వేర్వేరు పాళ్లలో చెడిపోయే స్థితి ఇది. దీని గురించి కుటుంబాలకు, కార్యాలయాలకు ఉన్న అపోహల వల్ల రోగులు అనవసరంగా పడుతున్న కష్టాన్ని మీ దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వీటిలో మొదటిది రోగికి చెవులు వినిపించడం లేదన్న అపోహ. పలకరించడానికి వచ్చిన బంధువులందరూ మంచం పక్కన నిలబడి గొంతు చించుకుని అరుస్తారు. లోపలి చెవిలో పుట్టిన సంకేతం నరం వెంట మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి రెండు పక్కలకూ చీలి, కుడి ఎడమ కణతల వెనుక ఉన్న శ్రవణ ప్రాంతాలకు వెళుతుంది. ఒక్కో చెవి నుంచి మెదడులోని రెండు సగాలకూ, అంటే రెండు అర్ధగోళాలకూ, దారి ఉంది కనుక ఎడమ పక్క దెబ్బ తగిలినంత మాత్రాన వినికిడి పోదు. అసలు కష్టం ఆ తరువాతి మెట్టులో ఉంది. ‘పడు’, ‘పాడు’ అనే మాటల మధ్య ఉన్నది అచ్చు నిడివి తేడా మాత్రమే. సెకనులో చిన్న భాగమైన ఆ తేడాను పట్టుకుని, ఏ మాటో తేల్చి, దాని అర్థాన్ని వెతికి తెచ్చే పని చాలామందిలో ఎక్కువగా ఎడమ అర్ధగోళానిదే. విన్న ధ్వనిని అర్థానికి చేర్చే దారి ఒకటి, అదే ధ్వనిని నోటి కదలికలతో జతపరిచే దారి మరొకటి ఉన్నాయని ఇప్పటి పరిశోధకులు చాలామంది భావిస్తున్నారు. ఈ దారులు దెబ్బతిన్నవారి ముందు అరవడం వల్ల ఒరిగేది లేదు. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో, ఎదురుగా కూర్చుని, చేత్తో వస్తువును చూపిస్తూ మాట్లాడితే ఎంతో మేలు.

రెండో అపోహ ఇంతకన్నా హాని చేసేది. మాట పోయింది కనుక బుద్ధి కూడా పోయిందని అనుకోవడం. 1861లో పారిస్ సమీపంలోని బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు లెబోర్న్ అనే రోగిని పరీక్షించాడు. అతని నోట ‘టాన్’ అన్న ధ్వని తప్ప దాదాపు మరేమీ వచ్చేది కాదు. ఆసుపత్రిలో ఎన్నేళ్లుగా ఉన్నావని అడిగితే అరచేతిని నాలుగుసార్లు చాచి, ఆపైన ఒక్క వేలు చూపించాడని బ్రోకా రాశాడు. ఇరవై ఒక్క ఏళ్లన్న ఆ లెక్క అక్షరాలా నిజం. రోగి మరణించాక మెదడును పరిశీలించి, ఎడమ ముందు భాగంలోని ఒక చోటును మాటకు ఆధారంగా గుర్తించిన వైద్యుడిగా బ్రోకా చరిత్రకెక్కాడు. భద్రపరచిన ఆ మెదడును ఎంఆర్ఐతో పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనం, దెబ్బ ఆ చోటును దాటి చాలా లోతుకు వెళ్లిందని చూపింది. భాష ఒక్క గదిలో కూర్చునేది కాదని అలా మరోసారి రుజువైంది. నాకు మాత్రం ఆ కథలో చాచిన చెయ్యే ముఖ్యం. నూట అరవై ఏళ్ల కిందట ఒక డాక్టరు ఓపిగ్గా అడిగి రాబట్టిన జవాబును మన కార్యాలయాలు ఈనాటికీ అడగడం లేదు.

మా అన్నయ్యకు పక్షవాతం వచ్చాక ఒక బ్యాంకు శాఖలో ఎదురైన అనుభవం ఇటువంటిదే. ఎడమ పక్క భాషా ప్రాంతాలకు రక్తం పంపే ధమనే కుడి చేతిని కదిలించే భాగానికీ రక్తం అందిస్తుంది కాబట్టి మాటా, కుడిచెయ్యీ తరచూ ఒకేసారి పోతాయి. ఎడమచేత్తో పెట్టిన సంతకం పాత సంతకంతో కలవలేదు, పేరు అడిగితే చెప్పలేకపోయాడు. మతిస్థిమితం లేదని డాక్టరు దగ్గర రాయించుకుని, సంరక్షకుణ్ణి నియమించుకుని రమ్మన్నారు. అదే బల్ల మీద పాస్‌బుక్కు పెడితే, జమ కావలసిన పింఛను ఏ నెలలో పడలేదో వేలితో చూపించాడు మా అన్నయ్య. వారాల పేర్లు, ఎక్కాలు వరసగా అప్పజెప్పగలడు, కోపం వస్తే తిట్టూ స్పష్టంగానే వస్తుంది. బాగా అలవాటుపడిన మాటలు అఫేసియాలోనూ మిగలడం వైద్యులకు తెలిసిన విషయమే. అది చూసి ‘కావాలనే మాట్లాడడం లేదు’ అనేవారికి కూడా కొదవ లేదు.

దీనికి సరిగ్గా తిరగబడిన స్థితి కూడా ఉంది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె వివరించిన ఆ రకంలో మాట ధారాళంగా వస్తుంది, కానీ అందులో అర్థం ఉండదు, ఎదుటివారి మాటా సరిగా అందదు. ఇటువంటి రోగిని కుటుంబం పిచ్చి పట్టిందనుకుని భూతవైద్యుడి దగ్గరకో మానసిక వైద్యుడి దగ్గరకో తిప్పుతుంటే, అసలు చికిత్సకు ఉపయోగపడే తొలి నెలలు గడిచిపోతాయి.

తెలుగు విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు రోగి క్రియ చివరి ప్రత్యయాన్ని వదిలేస్తే మాట మిగులుతుంది. మన క్రియలో ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ అన్న తుది భాగాన్ని తీసేస్తే మాటే మిగలదు. ప్రత్యయాలు ఎక్కువగా ఉండే భాషల్లో రోగులు వాటిని వదిలేయడం కన్నా ఒకదాని బదులు ఇంకొకటి వాడడం ఎక్కువని పరిశోధకులు గమనించారు. కాబట్టి ఇంగ్లీషు కొలబద్దను ఉన్నదున్నట్టు తెచ్చి మన రోగి మీద పెట్టడం కుదరదు. హైదరాబాదు నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగుల మీద జరిగి 2016లో ప్రచురితమైన అధ్యయనంలో, పక్షవాతం తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచన మామూలుగా ఉన్నవారు ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతమైతే, ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం ఉన్నారు. అఫేసియా విషయంలో మాత్రం రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎన్ని భాషలు వచ్చినా ఈ కష్టానికి మినహాయింపు లేదన్నమాట.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తన 21 వైకల్యాల జాబితాలో మాట, భాష వైకల్యాన్ని చేర్చి, దాని నిర్వచనంలో అఫేసియాను పేరు పెట్టి మరీ పేర్కొంది. అయినా ఆ హక్కు ఉందని ఇంటికి పంపేటప్పుడు చెప్పే ఆసుపత్రులు అరుదు. డిశ్చార్జి కాగితంలో బీపీ మాత్రలు, ఫిజియోథెరపీ ఉంటాయి, స్పీచ్ థెరపీ ఊసుండదు. ఆ చికిత్స వల్ల ప్రయోజనం ఉందని ఎన్నో పరీక్షల్లో తేలింది. తొలి నెలల్లో మెరుగుదల వేగంగా ఉన్నా, ఏళ్లు గడిచాక కూడా కొంత మెరుగుపడేవారున్నారు.

డిశ్చార్జి కాగితంలో భాషా పరీక్ష ఫలితాన్ని, స్పీచ్ థెరపిస్టు సిఫారసును తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను. వైకల్య ధ్రువపత్రాల కోసం జరిపే సదరం శిబిరాల్లో అఫేసియా రోగిని ప్రశ్నించేటప్పుడు తల ఊపి, వేలితో చూపించి జవాబు చెప్పే వీలు కల్పించాలి. మీ పత్రిక వచ్చే అక్టోబరు వరకు ఆగకుండా, ఏ జిల్లా ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు ఉన్నారో, ఏ రోజుల్లో చూస్తారో జిల్లా సంచికల్లో ప్రచురించగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి