గాలి చూశాకే హోల్డులోకి దించండి

సంపాదకునికి నమస్కారం.

1933లో విశాఖ రేవు తెరిచినప్పుడు ప్రధానంగా మాంగనీసు ఎగుమతికే. మా నాన్న కళాసీగా చేరేనాటికి బస్తాలు, కొక్కేలు. ఇప్పుడు బొగ్గు, ఖనిజం గ్రాబులే (క్రేన్ల ఇనుప పంజాలు) ఎత్తుతున్నాయి. అయినా హోల్డు (ఓడ లోపల సరుకు నింపే గది) మూలల్లో మిగిలిన సరుకు ఊడ్చి పోగు చేయడానికి మనిషి దిగాల్సిందే.

గత నెల మా తమ్ముడు బొగ్గు ఓడలో అలాగే నిచ్చెన దిగాడు. కాసేపటికే కళ్లు తిరిగాయి. పైకి లాగారు కాబట్టి బతికాడు. కాంట్రాక్టరు మాత్రం 'ఎండదెబ్బ, మజ్జిగ తాగి మళ్లీ దిగు' అన్నాడట! హేచ్ (హోల్డు పైమూత) మూసి రోజుల తరబడి వచ్చిన బొగ్గు, కలప దుంగలు లోపలి ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. మామూలు గాలిలో అది దాదాపు 21 శాతం. తగ్గితే వాసన రాదు, రంగు మారదు, మనిషి కూలిపోతాడు. పడినవాణ్ణి కాపాడబోయి పక్కవాడూ పడతాడు, ఇదే అసలు భయం.

డాక్ కార్మికుల భద్రతకు 1986లోనే చట్టం చేశారు. మేం కొత్తగా అడిగేది పెద్దగా లేదు. హేచ్ తెరిచి గాలి ఆడనివ్వాలి, చేతిలో పట్టే మీటరుతో పైన, మధ్యన, అడుగున ఆక్సిజన్ కొలవాలి. ఆ అంకె గ్యాంగ్ మేస్త్రీకి చూపించాలి. పైన తాడుతో ఒక మనిషిని ఉంచాలి. మీటరు ఖరీదు ఓడ ఒక్కరోజు ఆగితే అయ్యే ఖర్చు ముందు ఎంత?

రోజుకూలీ గ్యాంగులకూ ఇది వర్తించేలా అధికారులు వెంటనే ఆదేశించాలి.

- ఒక కళాసీ కొడుకు, వన్‌టౌన్, విశాఖపట్నం