12,000 పౌండ్ల వించ్ అమ్మడం ఎందుకు ఆపేశానంటే

మా దగ్గర బండికి వించ్, అంటే దిగబడిన బండిని తాడుతో లాగే మోటార్ యంత్రం, బిగించుకున్న వాళ్లందరికీ ఇది. ముఖ్యంగా నా మాట నమ్మి 12,000 పౌండ్ల బలంతో లాగే ఆ తక్కువ ధర వించ్ తీసుకున్న వాళ్లకి. దాన్ని అమ్మడం ఆపేశాను. మూడో విడతలో వచ్చినవన్నీ వెనక్కి పిలిపిస్తున్నాను. కారణం మీరు ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పడం మర్యాద.

మన పాత కస్టమర్ ఒకాయన బురదలో దిగబడిన బండిని వాగు గట్టు మీదికి వించ్‌తో లాక్కుంటున్నారు. బండి పైకి వచ్చేసింది, రిమోట్ బటన్ వదిలేశారు. వించ్ ఆగలేదు. తాడు చుట్టుకుంటూనే ఉంది, ముందు బంపర్ వంగడం మొదలైంది. పక్కనున్న స్నేహితుడు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ పీకేదాకా అది లాగుతూనే ఉంది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ టెర్మినల్ నట్టు కాస్త వదులుగా ఉందట, అందుకే చేత్తో ఊడొచ్చింది. మామూలు రోజుల్లో అయితే నట్టు బిగించనందుకు ఆయన్ని నేనే తిట్టేవాణ్ని.

ఆయన ఫోన్ చేసినప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. "కంట్రోల్ బాక్స్‌ని నీళ్లలో ముంచి ఉంటారు" అన్నాను. ఆయన వాదించలేదు. "మీరే విప్పి చూడండి" అని ఫోన్ పెట్టేశారు. రెండు వారాలకి ఇంకో ఫోన్. వేరే బండి, అదే కథ. ఈసారి నీళ్లు కూడా లేవు, అంతా ఇసుక. అప్పుడు గానీ స్టాక్‌లో ఉన్న కొత్త పెట్టె విప్పాలని నాకు తోచలేదు.

మోటార్ బాగానే ఉంది. గేర్లలో గ్రీజు సరిపడా ఉంది. బ్యాటరీ కేబుల్ చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది, తేలిగ్గా ఉంది. కోశాను. తీగ పైన రాగి రంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత వేసి పంపారు. మొదటి రెండు విడతల్లో వచ్చింది అసలైన రాగి. మా దగ్గర మిగిలిన పాత ముక్కని పక్కన పెట్టి చూస్తే లావు ఒకటే, పైన ఎర్ర తొడుగు ఒకటే, దాని మీద అచ్చు కూడా ఒకటే.

కేబుల్ మారితే కొంప మునిగిందా అని మీకు అనిపించవచ్చు. ఈ వించ్ పూర్తి బరువు మీద లాగేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 400 ఆంపియర్లకు పైనే గుంజుతుంది. ఒకే లావు తీగలో అల్యూమినియం వాహకత రాగిలో 60 శాతం మాత్రమే. అంత కరెంటు పారేటప్పుడు ఆ తేడా వల్ల దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. కంట్రోల్ బాక్స్‌లో మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్‌ని మూసి పట్టుకునే కాయిల్‌కి అందేదీ ఆ పడిపోయిన వోల్టేజీనే. చాలకపోతే దాని పట్టు సడలుతుంది, లోపల పాయింట్లు టకటకా కొట్టుకుంటాయి, కొట్టుకున్నప్పుడల్లా నిప్పురవ్వలు లేస్తాయి, చివరికి పాయింట్లు కరిగి అతుక్కుపోతాయి. ఇక రిమోట్ వదిలినా నొక్కినా ఒకటే. రెండు బండ్ల కాంటాక్టర్లనీ విప్పి చూశాను, వెల్డింగ్ పెట్టినట్టే ఉన్నాయి. ఆ పాయింట్లు కూడా పాత విడతల్లో ఉన్నంత మందం లేవు.

సరఫరాదారుకి ఫోటోలు పంపాను. "స్పెసిఫికేషన్ షీట్ ఏం మారలేదు కదండీ" అన్నారు. షీట్ తీసి చూస్తే నిజమే. కేబుల్ పొడవు ఉంది, మందం ఉంది, ఏ లోహమో మాత్రం ఎక్కడా లేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లుగా కస్టమర్లకి "లేబుల్ చూసి మోసపోకండి" అని చెప్పే మనిషిని, నేను చూసింది ఆ లేబులే. తర్వాత నాలుగు రోజులు సరఫరాదారు ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు ఎత్తి, "మీ వాళ్లు బిగించడంలో ఏదో తేడా చేసుంటారు" అన్నారు. నేను మొదటి కస్టమర్‌తో అన్నదీ దాదాపు ఇదే అని నాకు తెలుసు, అందుకే ఇంకా మండింది. ఆఖరికి, తర్వాతి విడత మీద తగ్గింపు ఇస్తామన్నారు. బంపర్ వంగిపోయిన బండి గురించి మాట్లాడటానికి ఫోన్ చేస్తే, బేరం కోసం చేశాననుకున్నారు. అదొక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఇక దాని బదులు ఏం అమ్మాలన్నది అసలు తలనొప్పి. దాదాపు నెల రోజులు సరిగ్గా నిద్ర లేదు. పేరున్న ఖరీదైన కంపెనీలవి మాత్రమే పెట్టుకుంటే నాకే టెన్షన్ ఉండదు. 1974లో వచ్చిన వార్న్ 8274 రకం వించ్‌లని ఇప్పటికీ బాగు చేయించుకుని వాడుకునేవాళ్లు ఉన్నారు, ఆ మన్నిక గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కానీ అంత డబ్బు పెట్టలేని వాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్లని వెనక్కి పంపితే ఇంకెక్కడో ఇలాంటి కేబుల్‌తోనే కొనుక్కుంటారు. తక్కువ ధరలో నమ్మకమైనది దొరకదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. మొండితనమే అనుకోండి.

చివరికి వేరే తయారీదారు దగ్గర 9,500 పౌండ్ల వించ్ తీసుకున్నాను. 12,000 నుంచి 9,500కి దిగాడేంటని నవ్వేవాళ్లు లెక్క ఒకసారి చూడండి. మనుషులు, సామాను అంతా కలిపి బండి 2,400 కిలోలు అనుకుందాం. వించ్ శక్తి దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అంటే 3,600 కిలోలు, సుమారు 7,900 పౌండ్లు. 9,500 చాలు. అయితే లేబుల్ మీది అంకె, తాడు చుట్టుకునే డ్రమ్ మీద ఒక్క వరసే ఉన్నప్పటిది. పైన వరస పెరిగే కొద్దీ లాగే బలం తగ్గుతుంది, నాలుగో వరసకి వచ్చేసరికి మూడో వంతుకు పైగా పోతుంది. అందుకే ప్రతి వించ్‌తో ఒక కప్పీ కూడా ఇస్తున్నాను. తాడుని కప్పీ మీదుగా తిప్పి మళ్లీ బండికే తగిలిస్తే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. తాడు కూడా ఎక్కువ బయటికి వస్తుంది కాబట్టి డ్రమ్ మీద వరసలు తగ్గుతాయి. బండి మూడు టన్నులు దాటేవాళ్లు మాత్రం దీన్ని అడగొద్దు, అడిగినా ఇవ్వను.

మోటార్ సీరీస్ వౌండ్ రకం, అంటే లోపల అయస్కాంతాల బదులు తీగ చుట్లు ఉన్నది. శాశ్వత అయస్కాంతాలు ఉన్న మోటార్ కరెంటు తక్కువ తింటుంది గానీ, ఎక్కువసేపు లాగితే త్వరగా వేడెక్కి నీరసించిపోతుంది. అలాగని సీరీస్ వౌండ్ మోటార్‌ని ఆపకుండా లాగించమని కాదు. ఒక నిమిషం లాగి, చెయ్యి పెట్టి చూసి, చల్లారనివ్వండి. ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉండాలి.

తాడు దగ్గరే ఎక్కువ తర్జనభర్జన పడ్డాను. మీలో చాలామందికి సింథటిక్ ఇష్టం, తేలిక, చేతులు గీరుకోవు. కానీ ఈ వించ్‌కి బ్రేకు ఉండేది డ్రమ్ లోపలే. బండిని వాలులో కిందికి దించేటప్పుడు ఆ బ్రేకు కాగి డ్రమ్ వేడెక్కుతుంది. సింథటిక్ తాడు పాలిథిలిన్ జాతిది, 150 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా కరుగుతుంది, బలం అంతకు చాలా ముందే తగ్గుతుంది. వార్న్ 8274లో బ్రేకు ఉండేది డ్రమ్ బయట కాబట్టి ఈ గొడవ లేదు. అందుకని స్టీల్ తాడుతోనే ఇస్తున్నాను. బరువు ఎక్కువే. తెగితే కొరడాలా తిరిగి కొడుతుంది, కాబట్టి తాడు మధ్యలో బరువైన దుప్పటో, అది ఎగరకుండా ఆపే డ్యాంపరో వేయకుండా లాగకండి, తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, డ్రమ్ మీద కనీసం ఐదు చుట్లు ఎప్పుడూ ఉంచండి. సింథటిక్కే కావాలనే వాళ్లకి వేస్తాను, తాడు డ్రమ్ మీదికి వెళ్లే దారిలో ఉండే ఫెయిర్‌లీడ్ కూడా మార్చి. కాకపోతే నా ఉపన్యాసం వినాల్సి వస్తుంది.

పెట్టెలో వచ్చే కేబుళ్లు, కాంటాక్టర్ ఏవీ ఇక వాడం, ఎవరు పంపినా సరే. రాగి కేబుల్ మేమే కొని, ప్రతి చుట్టలోంచి ఒక ముక్క కోసి చూసి బిగిస్తాం. బ్యాటరీ పక్కన చేతికి అందేలా ఒక ఐసొలేటర్ స్విచ్ కూడా పెడుతున్నాం. వించ్ ఆగకపోతే దాన్ని తిప్పండి. బరువు మీద ఉండగా డ్రమ్‌ని వదిలేసే క్లచ్ లివర్ జోలికి మాత్రం వెళ్లకండి.

మూడో విడత వాళ్లకి: కేబుల్, కాంటాక్టర్ మార్చి, ఐసొలేటర్ స్విచ్ పెట్టి ఇస్తాం, అన్నీ ఉచితంగానే. వించ్ మొత్తమే వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాను. వంగిన బంపర్ ఇప్పటికే మా ఖర్చుతో బాగైంది, ఆయనకి క్షమాపణ కూడా ఎదురుగా చెప్పాను. మీది ఏ విడతో తెలియకపోతే కేబుల్ చివర లగ్ (బోల్టుకి బిగించే లోహపు కొన) దగ్గర తొడుగు కొంచెం ఒలిచి, ఒక తీగ పోగుని కోసి కోసిన చోట చూడండి. లోపల ఎరుపైతే రాగి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూత వేసిన రాగి, మంచిదే, కంగారు పడొద్దు. లోపల తెల్లగా ఉంటే వించ్ వాడకండి, కేబుల్‌ని బ్యాటరీ నుంచి తీసేసి మాకు ఫోన్ చేయండి.

వచ్చేటప్పుడు రిమోట్ కూడా తీసుకురండి. కొత్త కంట్రోల్ బాక్స్‌కి పాత ప్లగ్ సరిపోవడం లేదు, అదీ మేమే మార్చి ఇస్తాం.